ఇంటికి ఫోన్ చేయాలన్నాం

నాకు కోపం ఎక్కువని మావాళ్ళందరికీ తెలుసు. నేనూ దాచుకోను. ఆ పడవ ప్రయాణం మాట ఎవరైనా ఎత్తి, "క్వీన్స్‌లాండ్ దీవులా, అబ్బ, ఎంత అదృష్టమండీ" అంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఒళ్ళు మండుతుంది. నీలం నీళ్ళు నేనూ చూశాను. పిండిలాంటి తెల్ల ఇసక మీద నేనూ నడిచాను. ఆ ఇసక మీదే, ఎండ ఎక్కుతుండగా, ముగ్గురం మగాళ్ళం నిలబడి, ఒక్క మాట నోట్లోంచి బయటికి రాక మూడు గంటలు పాడుచేశాం. నా కోపం ఆ మూడు గంటల మీద.

వైటూకే భయం పుణ్యమా అని నేనూ, నా స్నేహితుడూ ఒకే వారంలో సిడ్నీలో దిగాం. నాది తెనాలి దగ్గర, వాడిది కర్నూలు. ఒకే ఆఫీసు, ఒకే ఫ్లాటు, ఒకే రైస్ కుక్కరు. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడం మా పని. రంజాన్ నెలలో తెల్లవారకముందే లేచి వాడికి ఉప్మా చేసిపెట్టింది నేను. నాకు ఆటలమ్మ పోసినప్పుడు పది రోజులు చారన్నం కలిపి పెట్టింది వాడు. రెండువేల సంవత్సరం వచ్చింది, ఏ కంప్యూటరూ కూలిపోలేదు. కూలనివ్వనందుకు మాకు కేకు కోసి పెట్టారు. ఇంకో ఏడాది తిరిగేసరికి, ఏమీ కాలేదు కదా, ఇంతమంది ఎందుకు అన్నారు. ఒక సోమవారం మా టీములో ఆరుగురిని పంపేశారు. వాడు అందులో ఉన్నాడు, నేను లేను.

వాడి వీసా ఆ కంపెనీ ఇప్పించిన వీసా. ఉద్యోగం పోయిన రోజు నుంచి ఇరవై ఎనిమిది రోజుల్లో ఇంకో కంపెనీ దొరకాలి, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. అంతకుముందు ఏడాదే పెళ్ళయి వేరే కాపురం పెట్టాడు, భార్యకి ఏడో నెల. ఉద్యోగం పోవడానికి రెండు వారాల ముందే, పుట్టబోయే పిల్ల కోసమని సిడ్నీ శివార్లలో కెల్లీవిల్‌లో పెద్ద ఇల్లు అద్దెకి తీసుకున్నాడు. ఆ ఇల్లు చూడ్డానికి నన్నూ తీసుకెళ్ళాడు. పిల్లగదికి ఏ రంగు కర్టెన్లు బాగుంటాయని అడిగితే పసుపు అన్నాను.

ఉద్యోగం పోయిందని వాడు ఇంట్లో చెప్పలేదు. రోజూ టై కట్టుకుని, డబ్బా పట్టుకుని, బస్సెక్కి సిటీకి వచ్చి, లైబ్రరీలో కూర్చుని దరఖాస్తులు పంపేవాడు. మధ్యాహ్నం మా ఆఫీసు పక్కనున్న పార్కులో నాతోపాటే డబ్బా విప్పేవాడు. ఇంట్లో చెప్పరా అని రోజూ అరిచేవాణ్ణి. "దానికి బీపీ ఉండాది రా. ఇంకో జాబ్ వచ్చినాక రెండూ ఒకేసారి చెప్తాలే" అనేవాడు.

పడవ ప్రయాణం మూణ్ణెల్ల ముందు అనుకున్నది. లీవులు, విమానం టికెట్లు, వాడి భార్యకి తోడుగా పిన్ని కూతురు వచ్చి ఉండడం, అన్నీ కుదిరిపోయాయి. మానేస్తే ఎందుకు మానేశావని ఆమె అడుగుతుంది. ఆ కారణం చెప్పలేక బయల్దేరాడు వాడు. ఉద్యోగం పోయిన సంగతి తెలియకూడదని విహారయాత్రకి వెళ్ళే మనుషులు మనలో తప్ప ఇంకెక్కడైనా ఉంటారా అని అప్పుడూ తిట్టాను, ఇప్పుడూ తిడతాను.

తీరా బయల్దేరే ముందురోజు మెల్‌బోర్న్ కంపెనీ ఒకటి వాడికి కబురు పెట్టింది. గురువారం పొద్దున పది గంటలకి ఫోన్లో ఇంటర్వ్యూ. ముగ్గురు కూర్చుంటారు, వాడే ఫోన్ చేయాలి. నెగ్గితే వీసా సంగతి వాళ్ళే చూసుకుంటారు. గురువారం నాటికి వాడికి పదకొండు రోజులే మిగులుతాయి. దీవుల మధ్య మొబైల్ పనిచేయదు. పెద్ద హోటలున్న దీవి ఒకటుంది, అక్కడ జెట్టీ పక్కన ఫోన్ బూత్ ఉంది. గురువారం పదికల్లా వాణ్ణి ఆ బూత్‌లో నిలబెట్టాలి. ఆ ఆరు రోజుల్లో మేం తప్పకుండా చేయాల్సిన పని అదొక్కటే.

పడవ ఫిజీ అంకుల్‌ది. ఆయన్ని సిడ్నీ దగ్గర హెలెన్స్‌బర్గ్ గుడి క్యాంటీన్లో కలిశాం. ఆదివారాలు పులిహోర వడ్డించేవాడు. మావాడు మొదట్లో గుడి బయట కారులో కూర్చుంటానని వచ్చి, ఆ పులిహోర వాసనకి లోపలికొచ్చి ప్లేటు పట్టుకున్నాడు. అంకుల్ ముత్తాత విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో పనికి ఫిజీ వెళ్ళినవాడు. ఈయన అక్కడ బడిపంతులు. మిలిటరీ వాళ్ళు ప్రభుత్వాన్ని లాక్కున్న ఏడు ఉద్యోగం పోయి సిడ్నీ వచ్చి, పదేళ్ళు బస్సు నడిపాడు. భార్య పోయాక క్వీన్స్‌లాండ్ ఉత్తరాన ఒక పాత తెరచాప పడవ కొనుక్కుని అందులోనే కాపురం పెట్టాడు. ఆయన తెలుగు మా అమ్మమ్మ తెలుగు కన్నా పాతది. ప్రతి ఆదివారం ఒడ్డుకి వచ్చి సిడ్నీలో ఉన్న గుడి స్నేహితులందరికీ ఫోన్లు చేసి, ఎవరింట్లో ఏమైందో కనుక్కుని, ఒకరిది ఒకరికి చెప్పేవాడు.

అదే మావాడి భయం. విమానంలో నా చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకున్నాడు. "అంకుల్‌కి చెప్పాకు రా. ఆయప్పకి తెలిస్తే ఆదివారానికి సిడ్నీ అంతా తెలుస్తాది, మా ఇంట్లో కూడా. నా మింద ఒట్టు."

పక్క సీటులో తెల్లావిడ మమ్మల్ని వింతగా చూస్తోంది. ఆవిడ చూపు పడలేక ఒట్టేశాను.

పడవ ఎక్కగానే వాడే అంకుల్‌తో అన్నాడు. "గురువారం పొద్దున ఆ హోటల్ దీవికి పోవల్ల అంకుల్. పదికంతా ఇంటికి ఫోన్ చేయాల."

"అట్లే బాబూ, దాని కేమి" అన్నాడాయన.

ఇంటికి ఫోన్. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

ముప్పై అడుగుల పడవ. లోపల నిలబడితే నా తల పైకప్పుకి తగిలేది, ఆ ఆరు రోజుల్లో తగలని గంట లేదు. మామూలు తెరచాప పడవకి అడుగున ఒక రెక్క ఉంటుందట, దీనికి రెండున్నాయట. అందువల్ల ఆటుకి నీళ్ళు తీసేసినా పడిపోకుండా ఇసక మీద పీటలా నిలబడుతుందట. ఈ సంగతి ఆయన మొదటిరోజే మురిసిపోతూ చెప్పాడు. నేను ఆవలించాను. కాస్త చెవి పెట్టి వినుంటే బాగుండేది.

రెండో రోజు సాయంత్రానికి మంచినీళ్ళు అయిపోయాయి. వారానికి సరిపోయే ట్యాంకు. నేను బియ్యం మూడుసార్లు కడిగి, గంజి వార్చి వండాను. మావాడు ఐదు పూటలా నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కున్నాడు. ఇద్దరం రెండు పూటలా స్నానాలు చేశాం. ఇంక చెంబు సంగతి చెప్పనక్కర్లేదు, కాగితంతో సరిపెట్టుకునే అలవాటు ఇద్దరికీ లేదు. కుళాయి బుస్సుమంది. అంకుల్ నవ్వి, సగం సముద్రపు నీళ్ళు కలిపి అన్నం వండాడు. "పచ్చడి తక్కువ వేసుకోండి" అన్నాడు. నీళ్ళు పట్టుకోవడానికి వెనక్కి వెళ్ళి రావడానికి ఒక రోజు పోయింది.

మూడో రోజు పడవలో ఉన్న ఒక్క మరుగుదొడ్డీ మూసుకుపోయింది. అది నా నిర్వాకమే. పప్పు మాడబెట్టి, అంకుల్ చూస్తే బాధపడతాడని గిన్నెడు పప్పూ అందులో పోసి చేతిపంపు కొట్టాను. కందిపప్పు సగం దూరం వెళ్ళి అక్కడే గట్టిపడింది. స్పానరు పట్టుకుని రెండు గంటలు బోర్లా పడుకున్నాను. మావాడు పైనుంచి తొంగిచూసి, "పోపు వేసినావా రా" అని అడిగాడు. వాణ్ణి ఆ క్షణంలో సముద్రంలో తోసేయాలనిపించింది.

అన్నిటికన్నా నాకు తిక్క రేపింది అంకుల్ పెట్టుకున్న ఒక ఆచారం. ఫిజీలో కొత్త పల్లెకి వెళితే ముందు అక్కడి పెద్ద దగ్గర కవ అని, వాళ్ళు నూరి తాగే వేరు ఒకటి కానుకగా పెట్టి దండం పెట్టాలట, తర్వాతే మిగతా మాటలు. ఈయన దాన్ని సముద్రం మీదికి తెచ్చుకున్నాడు. ఏ దీవి మలుపులో లంగరు వేసినా, తెరచాప మడవకముందే చిన్న పడవ దింపి, అప్పటికే అక్కడున్న ప్రతి పడవకీ వెళ్ళి ఒక డబ్బా పులిహోర ఇచ్చి, పేరూ ఊరూ కనుక్కుని రావాలి. ఒక్కో చోట గంటన్నర. మాకు తాగే నీళ్ళకే కరువు, ఈయన దేశానికి పులిహోర పంచుతున్నాడు.

"ఇప్పుడిది అవసరమా అంకుల్?" అని ఉండబట్టలేక అడిగేశాను.

"ఒకరి నీళ్ళలోకి వచ్చితిమి కదా బాబూ. ఉత్త చేతులతో ఉండరాదు" అన్నాడు.

ఆ విసుగులోనే చిన్న పడవకుండే మోటారు విప్పి పైకి అందించబోయాను. ముందు తాడు కట్టమని ఆయన రోజూ చెప్పేవాడు. నేను కట్టలేదు. బుడుంగుమని పోయింది. పచ్చటి నీళ్ళలో అది కిందికి దిగడం చాలాసేపు కనబడింది. తిడతాడనుకున్నాను. "పోయినది ఇనుము. నీ వేలు కాదు గదా" అని తెడ్లు తీసి తుడిచిపెట్టాడు. తిట్టినా బాగుండేది, ఆయన మంచితనం చూసి నాకింకా చిర్రెత్తుకొచ్చింది.

ఆ పులిహోర వల్లే టూవూంబా అనే ఊరి దంపతులు పరిచయమయ్యారు. ఆయన రిటైరైన ప్లంబరు, ఆవిడ నర్సుగా చేసిందట. వాళ్ళది రెండు పొట్టల పెద్ద పడవ. మర్నాడు ఆయన ఒక డ్రమ్ము మంచినీళ్ళు మోసుకొచ్చాడు. అడక్కుండానే మరుగుదొడ్డి పైపు విప్పి, లోపల ఉన్నదేమిటని మాత్రం అడిగాడు. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. బుధవారం వాళ్ళు పక్క దీవి మలుపుకి మారుతూ, ఏ అవసరమొచ్చినా రేడియోలో పిలవమని చెప్పి వెళ్ళారు.

బుధవారం సాయంత్రం మేం లంగరు వేసిన చోటు నుంచి హోటల్ దీవి గాలి బాగుంటే రెండున్నర గంటలు. "పొద్దున్నే కదా అంకుల్?" అని నేనే రెండుసార్లు అడిగాను. "పొద్దున్నే బాబూ" అన్నాడు. మావాడు ఇస్త్రీ చొక్కా తీసి తలుపుకి తగిలించాడు. వాంతుల మాత్రలు మింగి, చీకటి పడగానే ఇద్దరం పడుకున్నాం. ఆ మాత్రలు వేసుకుంటే పక్కన బాంబు పేలినా తెలియదు.

గురువారం ఆరు దాటాక మెలకువ వచ్చింది. పడవ కదలడంలేదు. ఐదు రోజుల్లో మొదటిసారి నా కడుపులో తిప్పడం లేదు. హాయిగా ఉందనుకుంటూ పైకి వచ్చాను. చుట్టూ నీళ్ళు లేవు. పడవ తడి ఇసక మీద నిలబడి ఉంది. నీళ్ళు రెండు వందల గజాల దూరంలో ఉన్నాయి. కింద అంకుల్ లుంగీ ఎగ్గట్టుకుని, పెద్ద బ్రష్షుతో పడవ పొట్టకి పట్టిన గుల్లలు గీకుతూ పాట పాడుకుంటున్నాడు.

"లేచితివా" అన్నాడు. "పున్నమి పోటు బాగా వచ్చినది. మీరు పడుకోగానే పోటులో పడవని ఒడ్డుకి తెచ్చి నిలబెట్టితిని. ఆరు నెలల మురికి. మీకు తెలియకుండా పని అయిపోవును."

"ఎప్పుడు తేలుతుంది?"

"పదకొండు కొట్టేసరికి తేలును. ఒంటిగంటన్నరకి ఫోన్ దగ్గర ఉండరా?"

నా అరికాలి మంట నెత్తికెక్కింది. "పదింటికని చెప్పాం కదండీ."

ఆయన బ్రష్షు ఆపి నాకు ఓపిగ్గా వివరించాడు. ఇక్కడ పది అంటే ఇండియాలో తెల్లవారి ఐదున్నర. ఆ వేళకి ఫోన్ మోగితే తల్లి ఎంత ఉలిక్కిపడుతుంది. ఒంటిగంటన్నరకి చేస్తే అక్కడ తొమ్మిది, అందరూ లేచి టిఫిన్లు చేసి ఉంటారు. "మీ అమ్మ నిద్ర చెడగొట్టడం ఎందుకని నేనే ఆలోచన చేసితిని" అన్నాడు మావాడి వైపు తిరిగి. వాడు అప్పుడే పైకి వచ్చి నిలబడ్డాడు.

మావాడు ఇసకనీ, దూరంగా ఉన్న నీళ్ళనీ చూశాడు. నవ్వు తెచ్చుకుని, "పర్లేదు అంకుల్" అన్నాడు.

పర్లేదట. వాడి బతుకు ఆ పది గంటల మీద ఆధారపడి ఉంది, వాడికి పర్లేదట. వాడి రెక్క పట్టుకుని ఇసక చివరిదాకా ఈడ్చుకెళ్ళాను. "ఇప్పుడైనా చెబుదాం. రేడియోలో ఎవరినైనా పిలుద్దాం. టూవూంబా ఆయన దగ్గర స్పీడుగా పోయే రబ్బరు పడవ ఉంది" అని అరిచాను.

"రేడియోలో మాట్లాడితే దీవులంతా వింటారు రా. అంకుల్ ఎందుకని అడుగుతాడు. ఏం చెప్పల్ల? ఒట్టేసినావు, నీ కాళ్ళు పట్టుకుంటా, చెప్పాకు." నిజంగానే వంగాడు. నేను వెనక్కి గెంతాను.

ఆ తర్వాత మేం చేసిన పనులు తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది. గిన్నె ఒకటి, బకెట్ ఒకటి పట్టుకుని, పడవ దగ్గర్నుంచి నీళ్ళదాకా కాలవ తవ్వడం మొదలుపెట్టాం. రెండు వందల గజాలు. కంప్యూటర్ సైన్సు చదివిన వాళ్ళం ఇద్దరం. తవ్విన ఇసక తవ్వినట్టే జారి పూడుకుపోతోంది. అంకుల్ నవ్వుతూ, "ఎందుకు బాబూ ఆటలు, టీ తాగండి" అన్నాడు. నేను గిన్నె విసిరేశాను. తర్వాత చిన్న పడవని నీళ్ళదాకా మోసుకెళ్ళి హోటల్ దీవి వైపు తెడ్లు వేశాం. దీవుల మధ్య ప్రవాహం ఎదురు. ముప్పావుగంట తెడ్లు వేసి, అరచేతులు బొబ్బలెక్కి తలెత్తి చూస్తే, బయల్దేరిన చోటికన్నా ఇంకా వెనకే ఉన్నాం. మోటారుంటే వెళ్ళిపోయేవాళ్ళం. మోటారు పారేసింది నేను. ఆ మాట వాడు అనలేదు, అననందుకు వాడి మీద కూడా కోపమొచ్చింది.

తిరిగొచ్చేసరికి తొమ్మిది. వాడు లోపలికెళ్ళి మొహం కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, టై కట్టుకుని, ఫైలు పట్టుకుని వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, ఇసకలో నిలబడి నీళ్ళు వస్తున్నాయేమోనని చూస్తున్నాడు. పదకొండుకి గానీ రావని వాడికి తెలుసు. అయినా చూస్తున్నాడు.

అంకుల్ బ్రష్షు కింద పెట్టాడు. "ఇంటికి ఫోన్ చేయుటకు టై ఎందుకు బాబూ?" అని మెల్లిగా అడిగాడు.

వాడు టై ముడి సరిచేసుకున్నాడు.

అంతే, నా వల్ల కాలేదు. పడవెక్కి రేడియో గొట్టం అందుకున్నాను. మామూలుగా పదహారో ఛానెల్లో పిలిచి, పలికాక వేరే ఛానెల్‌కి మారాలి. అదేమీ చేయలేదు. అందరూ వినే ఛానెల్లోనే, వచ్చిన ఇంగ్లీషులో మొత్తం కక్కేశాను. మా స్నేహితుడి ఉద్యోగం పోయింది. పది గంటలకి ఫోన్లో ఇంటర్వ్యూ ఉంది. అది తప్పితే పదకొండు రోజుల్లో దేశం వదలాలి. భార్యకి ఏడో నెల, ఆమెకి ఇంకా తెలియదు. మా పడవ ఇసక మీద ఉంది. ఎవరైనా వచ్చి తీసుకెళ్ళండి.

కాసేపు గరగరమని చప్పుడు. తర్వాత టూవూంబా ఆయన గొంతు. "వస్తున్నా, మేట్. నీళ్ళ అంచున నిలబడండి." వెనకనే ఒక చేపల పడవ వాడు, ఒక టూరిస్టు పడవ నడిపే అమ్మాయి, తామూ రాగలమన్నారు. మూడు గంటలుగా మేం భయపడిన సముద్రం అది.

బయటికొస్తే అంకుల్ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఇంగ్లీషులో చెప్పినదంతా విన్నాడు. మావాడు నా వంక చూడలేదు.

టూవూంబా ఆయన ఇరవై నిమిషాల్లో వచ్చాడు. నేనూ ఎక్కాను. ఎదురుగాలి, అలలు. రబ్బరు పడవ ఎగిరి పడుతున్న ప్రతిసారీ వాడు ఫైలుని చొక్కా లోపలికి తోసుకుంటున్నాడు. జెట్టీకి చేరేసరికి పది ఇరవై రెండు. వాడు చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. నేను బూత్ అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. టైలోంచి ఉప్పునీళ్ళు కారుతున్నాయి. వాడు "యెస్", "ఐ అండర్‌స్టాండ్", "థాంక్యూ" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. పది పదిహేను దాకా చూశారట, ఒకాయన విమానానికి వెళ్ళిపోయాడట, ఇంకో టైము తెలియజేస్తారట. వాళ్ళు ఎప్పుడూ తెలియజేయలేదు.

వెనక్కి వచ్చేసరికి మా పడవ తేలుతోంది. అంకుల్ మేం వదిలినచోటే కూర్చుని ఉన్నాడు. గుల్లలు సగమే గీకి ఉన్నాయి.

"ఆరు గంటలకి చెప్పి ఉంటే, ఆ ఆరు గంటలకే టూవూంబా ఆయన్ని పిలిచేవాణ్ణి" అన్నాడు. "ఎనిమిదికి నువ్వు ఫోన్ దగ్గర కాఫీ తాగేవాడివి. నిన్ననే చెప్పి ఉంటే నిన్ననే అక్కడ లంగరు వేసేవాణ్ణి." ఆయన గొంతు లేపలేదు. ఆ ఆరు రోజుల్లో ఆయనకి కోపం రావడం అదొక్కసారే చూశాను. "ఫిజీలో నా పని పోయిన దినమున, నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పితిని. సిగ్గు లేదా అని నా తమ్ముడు తిట్టెను. చెప్పితిని గనక, ఎవరో సిడ్నీలో బస్సు పని ఉన్నదనిరి. చెప్పకుంటే ఎవరికి ఎట్లా తెలియును?"

మావాడు తల వంచుకుని, "తప్పయింది అంకుల్" అన్నాడు. నేను మాత్రం లోపలికెళ్ళి, అవసరం లేకపోయినా, గిన్నెలు తోమాను. ఆయన అడిగింది వాణ్ణి. తగిలింది నాకు.

ఎందుకో ఇక్కడ రాయాలి, ఇంకెక్కడా చెప్పలేదు కాబట్టి. ఆ సోమవారానికి మూడు వారాల ముందు మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. నన్ను ఉంచుతున్నారనీ, కంగారుపడొద్దనీ చెప్పి, వెళ్ళేవాళ్ళ పేర్లున్న కాగితం నా వైపు తిప్పాడు. ఎవరితో అనొద్దన్నాడు. వాడి పేరు రెండోది. మేనేజరు వద్దన్నాడని ఆగానంటే అబద్ధం, ఆయన మాట నేను ఏనాడూ లెక్కచేయలేదు. వాడి మొహం చూసి చెప్పలేకపోయాను. వాడిది పోయి నాది ఉందని ఏ నోటితో చెప్పను? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. వారం తర్వాత కెల్లీవిల్‌లో ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు, ఏజెంటు కాగితాలకి కారు దగ్గరికి వెళితే, ఆ ఖాళీ గదిలో పది నిమిషాలు వాడూ నేనూ ఇద్దరమే ఉన్నాం. సంతకం పెట్టకురా అనొచ్చు. పసుపు కర్టెన్లు అన్నాను. వాడికి దొరికినవి ఇరవై ఎనిమిది రోజులు. నేను నోరు తెరిచుంటే నలభై తొమ్మిది అయ్యేవి.

ఆ రాకాసి మూడు గంటలు వాడి మీద ఎంత అరిచాను. దాచావని, చెప్పవని, సిగ్గుపడుతున్నావని. ఎవణ్ణి తిడుతున్నానో నాకు తెలియదా? బాగా తెలుసు.

గడువు తీరేలోగా వాడూ, భార్యా ఇండియా వెళ్ళిపోయారు. డాక్టరు దగ్గర ఉత్తరం రాయించుకుని, వాడి భార్య ఆ పొట్టతో విమానమెక్కింది. ఆమె నాతో మామూలుగానే మాట్లాడింది, ఊరగాయ సీసా ఒకటి ఇచ్చింది. కర్నూల్లో ఆడపిల్ల పుట్టింది. తర్వాత హైదరాబాదులో వాడు బాగానే నిలదొక్కుకున్నాడు. ఇప్పుడు వాడి కింద పనిచేసేవాళ్ళు మా ఆఫీసు మొత్తం కన్నా ఎక్కువమంది. దాంతో నా తప్పు తగ్గదు. మొదటి ఏడాది వాడికి ఏ పనీ దొరకలేదని వాళ్ళ తమ్ముడి వల్ల తెలిసింది. వాడు చెప్పలేదు.

పోయిన నెల ఫోన్ చేశాడు. పక్కన కూతురు ఉంది, యూనివర్సిటీ చదువుకి ఆస్ట్రేలియా వస్తానంటోందట. స్పీకర్లో పెట్టి ఆ అమ్మాయికి నన్ను పరిచయం చేశాడు.

"ఈ అంకుల్‌కి కోపం శానా. కానీ ఏదీ కడుపులో పెట్టుకోడమ్మా. ఆ పొద్దు రేడియోలో సముద్రమంతా వినేట్ల నా సంగతి చెప్పేసినాడు. అప్పుడు నాకు శానా కోపమొచ్చింది. ఇప్పుడైతే అట్లాంటోడు ఒకడుండాల అనిపిస్తాది." తర్వాత నాతో అన్నాడు. "నిజం రా. ఆ లిస్టు సంగతి నీకు ముందే తెలిసుంటే, ఆ పొద్దే నాకు చెప్పుంటివి నువ్వు."

"చెప్పేవాణ్ణి రా" అన్నాను.